చేతనం అన్నంత మాత్రాన లేవదు

తెల్లవారుజామున నాలుగుంపావుకి మా బావ ఫోను. "నీ పెట్టె పడుకుందోయ్. సైరన్ మోగలా. కాపలా అబ్బాయి టార్చి వేసి చూసుకోబట్టి సరిపోయింది గానీ..." అని ఆగాడు. ఆ ఆగిన చోట ఏముందో రొయ్యలు పెంచేవాళ్లకి విడిగా చెప్పక్కర్లేదు.

మాది కూచిపూడి. బావ చెరువు బందరు దాటాక సముద్రం వైపు. చెరువు గట్టు మీది రేకుల షెడ్డులో నేనే ఒక రాస్ప్‌బెర్రీ పై బిగించాను. అరచేతిలో పట్టే కంప్యూటరు, లోపల నడిచేది లైనక్స్. నీళ్లలో దించిన ప్రోబ్ ఆక్సిజన్ ఎంత కరిగి ఉందో కొలుస్తుంది. ఆ అంకె తగ్గితే నేను రాసిన చిన్న ప్రోగ్రాం సైరన్ మోగించి, బావ ఫోనుకి సందేశం పంపుతుంది. ఆ కొలతని రైతులు 'డీవో' అంటారు. పగలు ఎండ ఉన్నంతసేపూ నీళ్లలోని పచ్చటి ప్లాంక్టన్ ఆక్సిజన్ తయారుచేస్తుంది, పొద్దు గుంకాక అదే రొయ్యలతో పాటు కూర్చుని తింటుంది. అందుకే డీవో బాగా పడిపోయేది తెల్లారగట్లే. లీటరుకి 4 మిల్లీగ్రాముల కిందికి జారితే రైతుకి కంటి మీద కునుకుండదు. ఇంకా జారితే రొయ్యలు గట్టు వెంబడి పైకి తేలతాయి. నీళ్లని చిలికే ఏరియేటర్లు రాత్రంతా తిరిగేది ఇందుకే.

ఆ రాత్రి రెండు దాటాక కరెంటు పోయి, పావుగంటకి మళ్లీ వచ్చింది. షెడ్డులో దీపం వెలిగింది. కంప్యూటర్ కూడా లేచింది, తెల్లారి నేను వెళ్లేసరికి దాని పచ్చ దీపం మినుకుమినుకుమంటూనే ఉంది. లేవనివి రెండే: ఏరియేటర్లు, నా ప్రోగ్రాం. రెండిటికీ జబ్బు ఒకటే.

ఏరియేటర్ మోటారుకి స్టార్టర్ ఉంటుంది. పచ్చ బటన్ నొక్కితే లోపలి కాయిల్ అయస్కాంతమై కాంటాక్టుని పట్టుకుంటుంది, మోటారు తిరుగుతుంది. కరెంటు పోగానే కాయిల్ పట్టు వదిలేస్తుంది. కరెంటు తిరిగి వచ్చినా అది తనంతట తను పట్టుకోదు, మనిషి వెళ్లి మళ్లీ నొక్కాల్సిందే. ఇది లోపం అనుకోవద్దు. మోటారు మీద చెయ్యి పెట్టి రిపేరు చేస్తున్నవాడి కోసం కావాలని పెట్టిన జాగ్రత్త. రాత్రిపూట పొలం వెళ్లి బటన్ నొక్కలేక రైతులు కనిపెట్టుకున్న విరుగుడు ఆటో స్టార్టరు. కరెంటు రాగానే అదే నొక్కేస్తుంది.

లైనక్స్‌లో 'స్టార్ట్' అంటే ఆ పచ్చ బటన్. 'ఎనేబుల్' అంటే ఆటో స్టార్టరు తగిలించడం. రెండూ వేరువేరు పనులు. ఒకటి చేస్తే రెండోది అయినట్టు కాదు. నేను మూడు వారాల కిందట పచ్చ బటన్ నొక్కి, తిరుగుతోంది కదా అని ఇంటికొచ్చేశాను.

అలవాటైన చేతులకి కూడా ఇక్కడే పొరపాటు జరుగుతుంది. తప్పు చేసిన రోజున అంతా సవ్యంగానే కనిపిస్తుంది మరి. ప్రోగ్రాం నడుస్తుంది, అంకెలు వస్తాయి. మెషిన్ ఆగి లేచేదాకా తప్పు బయటపడదు. ఆగి లేచేది ఎప్పుడూ మనం నిద్రపోతున్నప్పుడే.

ఇక్కడ మన భాష గురించి ఒక మాట. కంప్యూటర్ తెరలని తెలుగులోకి తెచ్చినవాళ్లు 'ఎనేబుల్'కి 'చేతనం', 'డిజేబుల్'కి 'అచేతనం' అని పెట్టారు. ఎంతో శ్రమపడి చేసిన పని, నాకు గౌరవమే. కానీ ఈ మాట దగ్గర మాత్రం నాకు పేచీ ఉంది. చేతనం అంటే ప్రాణం ఉన్నదని కదా. ఎనేబుల్ అయిన సర్వీసుకి, అంటే తెర వెనక నడిచే ప్రోగ్రాంకి, ఆ క్షణాన ప్రాణం ఉండాలన్న నియమం లేదు. అచేతనంగా ఉన్న సర్వీసు వారాల తరబడి హాయిగా నడుస్తూ ఉండవచ్చు. నన్నడిగితే 'పేరెక్కించడం', 'పేరు కొట్టేయడం' అని ఉండాల్సింది. ఎందుకో చెప్పాలంటే మెషిన్ లేచే తీరు ఒకసారి చూడాలి.

స్విచ్ వేశాక లైనక్స్‌లో ముందు లేచేది కెర్నెల్. అది మెమరీనీ, డిస్కునీ, తక్కిన సామగ్రినీ చేతిలోకి తెచ్చుకుని, ఒకే ఒక్క ప్రోగ్రాంని పిలుస్తుంది. దాని నంబరు ఎప్పుడూ 1. తర్వాత వచ్చేవన్నీ దాని పిల్లలో, పిల్లల పిల్లలో. మా ఊరి భాషలో చెప్పాలంటే అది సూత్రధారుడు. భాగవతం ఆడే రాత్రి తాళం పట్టుకుని అందరికన్నా ముందు రంగం మీదికి వస్తాడు, తెర పట్టించి ఒక్కొక్క పాత్రనీ ప్రవేశపెడతాడు, చివరిదాకా కదలడు. భామాకలాపంలో సత్యభామ తెర మీంచి జడ వేసి తన రాకని ఎంత దర్పంగా చాటినా, ఆ ఘట్టం ఎప్పుడు రావాలో సూత్రధారుడి దగ్గరే ఖాయమవుతుంది. లైనక్స్‌లో 1వ నంబరు ప్రోగ్రాం కూలిపోతే కెర్నెల్ కూడా చేతులెత్తేస్తుంది. సూత్రధారుడు లేచి వెళ్లిపోయాక ఆట ఉండదు.

పాత రోజుల్లో ఈ సూత్రధారుడు సాదాసీదా మనిషి. ఒక డైరెక్టరీలో వరసగా లింకులు ఉండేవి. ఎస్ అనే అక్షరంతో మొదలైతే లేపు, కే అనే అక్షరంతో మొదలైతే పడుకోబెట్టు. అక్షరం పక్కనున్న అంకె ప్రకారం ఒకటి అయ్యాక ఒకటి. ముందున్నది నత్తనడక నడిస్తే వెనకున్నవన్నీ నిలబడాల్సిందే. 2010లో లెనార్ట్ పొయెటరింగ్, కే సీవర్స్ 'సిస్టమ్‌డీ' మొదలుపెట్టారు. ఒకదానితో ఒకటి పనిలేని సర్వీసులని ఒకేసారి లేపొచ్చు కదా అన్నది వాళ్ల వాదన. 2011లో ఫెడోరా 15 దాన్ని సూత్రధారుణ్ణి చేసింది. డెబియన్ వాళ్లు చాలాకాలం కొట్టుకుని, 2015లో వచ్చిన 8వ వెర్షన్‌లో దాన్నే పెట్టుకున్నారు. ఒప్పుకోని కొందరు విడిపోయి డెవువాన్ అని వేరు కాపురం పెట్టారు. వాళ్ల అభ్యంతరం ఏమిటంటే, ఇదొక్కటే అన్నీ చేసేస్తోంది: జరిగినవాటి చిట్టా అయిన లాగు రాయడం, గడియారం సరిదిద్దడం, నెట్‌వర్క్ చూసుకోవడం. భామాకలాపంలో సూత్రధారుడే మాధవి కూడా అవుతాడు, అతనే హాస్యమూ పండిస్తాడు, మనకది వింతగా అనిపించదు. పడమటి దేశాల కంప్యూటర్ వాళ్లకి అది అపచారంలా తోచింది. ఏమైనా ఈ రోజు రాస్ప్‌బెర్రీ పై మీద నడిచేదీ డెబియన్ సంతతే, మన సీ-డాక్ తయారుచేసిన బాస్ లైనక్స్‌దీ డెబియన్ వంశమే. కాబట్టి బావ షెడ్డులోనైనా, ప్రభుత్వాఫీసు బల్ల మీదనైనా ఈ విషయంలో తిప్పలు ఒకేలా ఉంటాయి.

సరే, షెడ్డులోకి వద్దాం. గోనెపట్టా పరుచుకుని కూర్చుని, ల్యాప్‌టాప్ కలిపి, మొదటి ప్రశ్న అడిగాను. (ఆదేశాలని పలికేలాగే తెలుగులో రాస్తున్నాను, మీరు టైపు చేసేది ఇంగ్లీషు అక్షరాల్లోనే.) 'సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ చెరువు'. నా సర్వీసు పేరు చెరువు. వచ్చిన జవాబులో రెండు వరసలు చూడాలి. లోడెడ్ అన్న వరసలో బ్రాకెట్ల మధ్య ఎనేబుల్డా, డిజేబుల్డా అని ఉంటుంది, అది రేపటి సంగతి. యాక్టివ్ అన్న వరస ఇప్పటి సంగతి. నాకు కింది వరసలో 'ఇన్‌యాక్టివ్, డెడ్' అని వచ్చింది. అది తెలిసిందే. పై వరసలో ఉన్న మాట మాత్రం నా తల తిప్పింది. ఎనేబుల్డ్ కాదు, డిజేబుల్డ్ కాదు. 'స్టాటిక్'.

ఈ మాట మూడు వారాల కిందటా చూశాను. స్టాటిక్ అంటే కదలకుండా స్థిరంగా ఉందేమో అనుకుని లోలోపల సంతోషించాను కూడా. అప్పుడు ఎనేబుల్ చేయబోతే నాలుగైదు వరసల పొడుగు సందేశం ఏదో వచ్చింది. ఎర్రరంగు లేదు, ఎర్రర్ అన్న మాట లేదు, చదవకుండా పైకి తోసేశాను. అందులో మర్యాదగా చెప్పినదల్లా ఒకటే: అయ్యా, ఈ ఫైలులో ఇన్‌స్టాల్ విభాగం లేదు, దీన్ని ఎవరి కింద పేరెక్కించాలో మీరు చెప్పలేదు, కాబట్టి నేనేమీ చేయలేదు.

ఒక సర్వీసుకి యూనిట్ ఫైలు అని చిన్న పాఠం ఉంటుంది. మనం సొంతంగా రాసుకునేవి 'ఇటీసీ' కింద సిస్టమ్‌డీ, దాని కింద సిస్టమ్ అన్న డైరెక్టరీలో పెడతాం. అందులో మామూలుగా మూడు విభాగాలు. యూనిట్ విభాగంలో ఇది ఏమిటి, ఎవరి తర్వాత రావాలి. సర్వీస్ విభాగంలో ఏ ప్రోగ్రాం నడపాలి, ఎవరి పేరు మీద నడపాలి, పడిపోతే ఏం చేయాలి. మూడోది ఇన్‌స్టాల్, అందులో సాధారణంగా ఒకే వరస: 'వాంటెడ్‌బై', పక్కన 'మల్టీయూజర్ టార్గెట్'. ఈ మూడోదే నేను రాయలేదు. అది లేకపోయినా సర్వీసు చేత్తో స్టార్ట్ చేస్తే నిక్షేపంగా నడుస్తుంది.

మల్టీయూజర్ టార్గెట్ అంటే మెషిన్ పూర్తిగా లేచి, పనికి సిద్ధమైన దశ. ఆ దశకి చేరేటప్పుడు ఎవరెవరిని వెంట తీసుకురావాలో సిస్టమ్‌డీ ఒక డైరెక్టరీలో చూసుకుంటుంది. ఆ డైరెక్టరీ పేరు చివర 'వాంట్స్' అని ఉంటుంది. లోపల ఉండేవి సర్వీసులు కావు, వాటి వైపు వేలు చూపించే లింకులు మాత్రమే. ఎనేబుల్ అంటే ఆ డైరెక్టరీలో ఒక లింకు పెట్టడం. డిజేబుల్ అంటే ఆ లింకు తీసేయడం. అంతకుమించి అందులో మంత్రం లేదు, తంత్రం లేదు. భాగవతం మేళంలో ఈ రాత్రికి వేషం కట్టేవాళ్ల పేర్లు కాగితం మీద రాసి గోడకి అంటించినట్టు. మనిషి ఎంత గొప్ప నటుడైనా కాగితం మీద పేరు లేకపోతే పిలుపు రాదు. పేరు ఉన్నంత మాత్రాన అతను రంగు పూసుకుని తయారుగా ఉన్నాడనీ కాదు.

ఇది అర్థమయ్యాక సగం భయం పోతుంది. సందేహం వస్తే ఆ డైరెక్టరీ తెరిచి కళ్లతో చూసుకోవచ్చు. లింకు ఉందా, బాణం గుర్తు ఏ ఫైలు వైపు చూపిస్తోంది, ఆ ఫైలు అసలు ఉందా? చాలామంది పాత యూనిట్ ఫైలుని డిజేబుల్ చేయకుండానే చెరిపేస్తారు. లింకు మాత్రం ఊరొదిలి వెళ్లినవాడి పేరు రేషన్ జాబితాలో ఉండిపోయినట్టు అక్కడే వేలాడుతుంది. ఇన్‌స్టాల్ విభాగంలో టార్గెట్ పేరు మార్చి మళ్లీ ఎనేబుల్ చేసినవాళ్లకీ ఇదే గతి, కొత్త లింకు వస్తుంది గానీ పాతది పోదు. దానికి 'రీఎనేబుల్' అని వేరే ఆదేశం ఉంది, పాతవి తీసి కొత్తవి పెడుతుంది.

మూడో విభాగం రాశాను. 'డీమన్ రీలోడ్' ఇచ్చాను. ఫైలు మార్చాక ఇది ఇవ్వకపోతే సూత్రధారుడు తన దగ్గరున్న పాత ప్రతే చదువుతూ ఉంటాడు. ఫైలు డిస్కు మీద మారిందని ఒక హెచ్చరిక ఇస్తాడనుకోండి, దాన్నీ మనం చదవం. ఆపైన ఎనేబుల్. ఈసారి లింకు సృష్టించానని ఒక వరస వచ్చింది. ఎనేబుల్ పక్కన రెండు గీతలు గీసి 'నౌ' అని చేరిస్తే పేరెక్కించడం, లేపడం రెండూ ఒకే దెబ్బకి అవుతాయని అక్కడే కూర్చుని నాకు నేను గుర్తు చేసుకున్నాను. బావ పెట్టిన టీ తాగి ఇంటికొచ్చాను.

వారం తిరక్కుండా మళ్లీ ఫోను. ఈసారి సాయంత్రం కాబట్టి బావ గొంతులో వేడి తక్కువ. "కరెంటు పోయొచ్చింది. నీది మళ్లీ లేవలా."

పేరు ఎక్కించి ఉంది. లింకు ఉంది. స్టేటస్‌లో ఎనేబుల్డ్ అని ఉంది, కింద 'ఫెయిల్డ్' అని ఎర్రగా ఉంది. అంటే లేచింది, పడింది. ఎందుకు పడిందో చెప్పేది లాగు. 'జర్నల్‌సీటీఎల్' పక్కన యు, సర్వీసు పేరు, ఆపైన బి అన్న గుర్తు ఇస్తే ఈసారి మెషిన్ లేచినప్పటి నుంచి ఆ సర్వీసు ఏం మొరపెట్టుకుందో వరసగా వస్తుంది. నా ప్రోగ్రాం లేవగానే సందేశాలు పంపే సర్వర్ చిరునామా వెతికింది, దొరకలేదు, పడిపోయింది. పడితే మళ్లీ లేపమని నేనే రాసుకున్నాను కాబట్టి సిస్టమ్‌డీ లేపింది. మళ్లీ పడింది. అలా అయిదుసార్లు. ఆఖరున ఒక వాక్యం: మరీ త్వరత్వరగా లేపమంటున్నారు, ఇక లేపను.

దీని వెనక లెక్క ఉంది. మనం వేరే చెప్పకపోతే సిస్టమ్‌డీ పడిన సర్వీసుని సెకనులో పదో వంతు ఆగి లేపుతుంది. 10 సెకన్లలో 5 సార్లు లేపినా నిలబడకపోతే చేతులు దులుపుకుంటుంది. నా ప్రోగ్రాం అయిదు అవకాశాలనీ గుక్క తిప్పుకోకుండా తగలేసింది. అప్పటికి గోడమీది రౌటరు ఇంకా కళ్లు నులుముకుంటూ ఉంది. కంప్యూటర్ అరనిమిషంలో లేస్తుంది, ఆ రౌటరుకి రెండు నిమిషాలు కావాలి. చేత్తో స్టార్ట్ చేసినప్పుడల్లా ప్రోగ్రాం బాగా నడవడానికి కారణం అదే, అప్పటికి ఇంటర్నెట్ ఎప్పుడో వచ్చి ఉంటుంది.

నెట్‌వర్క్ తర్వాతే రావాలని నేను రాయకపోలేదు. 'ఆఫ్టర్' పక్కన 'నెట్‌వర్క్ టార్గెట్' అని ఉంది. ఆ టార్గెట్ అర్థమే నాకు సరిగ్గా తెలియలేదు. మా డెల్టాలో దీన్ని చెప్పడం తేలిక. బెజవాడలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కాలువలకి నీళ్లు వదిలారని పేపర్లో వస్తుంది. ఆ మాట నమ్ముకుని దివిసీమ శివారు రైతు ఆ రోజే నారు పోసుకోడు. నీళ్లు కాలువ వెంట రావాలి, లాకులు దాటాలి, పులిగడ్డ అక్విడక్టు మీదుగా ఏరు దాటాలి, పిల్లకాలువల్లోకి తిరగాలి, అప్పటికి గానీ తన బోదెలో తడి కనపడదు. నెట్‌వర్క్ టార్గెట్ అంటే బ్యారేజీ దగ్గర తలుపులెత్తారన్న వార్త, నెట్‌వర్క్‌ని చూసుకునే ప్రోగ్రాం పని మొదలుపెట్టిందని మాత్రమే. బోదెలో నీళ్లు రావడాన్ని చెప్పేది 'నెట్‌వర్క్ ఆన్‌లైన్ టార్గెట్'. దాన్ని ఆఫ్టర్ పక్కన రాస్తే సరిపోదు, 'వాంట్స్' పక్కన కూడా రాయాలి. ఆఫ్టర్ వరస చెబుతుందే తప్ప ఎవరినీ పిలవదు. ఇద్దరూ వస్తే ఎవరు ముందు, అన్నది ఆఫ్టర్ చెప్పేది. వాళ్లని రమ్మని కబురంపేది వాంట్స్. ఈ తేడా తెలియక పోగొట్టుకున్న రాత్రులు నావి చాలానే ఉన్నాయి.

అది మార్చాక కూడా నాకు తృప్తి కలగలేదు. ఆ ఆన్‌లైన్ కాపలా కూడా కొంతసేపే చూస్తుంది, వేచి వేచి గడువు దాటితే మిగతావాళ్లని వదిలేస్తుంది. పైగా రౌటరు వరకూ తీగ ఉన్నా, రౌటరు వెనక ఇంటర్నెట్ లేని రోజులుంటాయి. కాబట్టి మళ్లీ లేపే ముందు 30 సెకన్లు ఆగమని రాశాను, ఇన్నిసార్లే అన్న పరిమితి ఎత్తేశాను. ఆటో స్టార్టర్ల సంగతీ ఇంతే. కరెంటు రాగానే ఊళ్లో మోటార్లన్నీ ఒక్క క్షణంలో లాగితే ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోలేదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి సేద్యానికి 24 గంటల కరెంటు ఇచ్చే ముందు ఆటో స్టార్టర్లు పీకేయండని ఊరూరా చెప్పించారు, రాత్రంతా మోటార్లు వాటంతట అవే తోడేస్తే బావుల్లో నీళ్లు మిగలవని. అంత పెద్ద ఎత్తున 'డిజేబుల్' చేయించే ప్రయత్నం కంప్యూటర్ లోకంలో కూడా నేను చూడలేదు.

అసలు సిగ్గుపడాల్సిన తప్పు ఇంకోటి. సైరన్ షెడ్డు మీదే ఉంది, దానికి ఇంటర్నెట్‌తో పనేమిటి? ఆక్సిజన్ తగ్గిందని గట్టు మీద అరవడానికి ఎక్కడో ఉన్న సర్వర్ చిరునామా దొరకాలని నేనే ముడివేశాను. ఆ ముడి విప్పి ప్రోగ్రాంని రెండు ముక్కలు చేశాను. కొలిచి సైరన్ మోగించేది ఒక సర్వీసు, దానికి నెట్‌వర్క్ ఊసే లేదు. సందేశం పంపేది ఇంకోటి, అది పడితే పడుతుంది, లేస్తే లేస్తుంది. ఎవరు ఎవరి కోసం ఆగాలన్నది యూనిట్ ఫైలులో రాసే ముందు కాగితం మీద గీసుకుంటే బాగుండేది.

లాగు చదివేటప్పుడు ఒక వింత కనిపించి కాసేపు తికమకపడ్డాను. ఆరున్నరకి కరెంటు వస్తే, లాగులో ఆరుంపావుకే సర్వీసు పడిపోయినట్టు ఉంది. బ్యాటరీ తగిలించని రాస్ప్‌బెర్రీ పైకి కరెంటు పోయాక టైము తెలియదు. అప్పుడప్పుడు డిస్కు మీద రాసి పెట్టుకున్న చివరి టైము నుంచే మళ్లీ లెక్క మొదలుపెడుతుంది, ఇంటర్నెట్ దొరికాక సర్దుకుంటుంది. అందుకని కరెంటు పోయిన మెషిన్ లాగులో మొదటి నిమిషాల గడియారాన్ని నమ్మకండి, వరసని నమ్మండి. ఇంకోటి, చాలా చోట్ల ఈ లాగు మెమరీలోనే ఉంటుంది, మెషిన్ ఆగితే అదీ పోతుంది. మొదటి రాత్రి ఏమైందో నాకు రాతపూర్వకంగా దొరకలేదు, అప్పటి నుంచే 'వార్' కింద లాగు డైరెక్టరీలో జర్నల్ అన్న పేరుతో ఒక డైరెక్టరీ చేసి పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. ఉత్త డైరెక్టరీయే. మెషిన్ సెట్టింగులో వేరేలా చెప్పి ఉండకపోతే అది కనిపించిన దగ్గర్నుంచీ సిస్టమ్‌డీ లాగుని డిస్కు మీద రాస్తుంది.

రెండు ముక్కలు చేసిన ప్రోగ్రాంని ఇంట్లో విండోస్ ల్యాప్‌టాప్ మీద నోట్‌ప్యాడ్‌లో దిద్ది తీసుకెళ్లాను. చేత్తో పైథాన్ పేరు, ఫైలు పేరు కొడితే నడిచింది. సర్వీసుగా లేపితే 203 అని అంకె చూపించి పడింది. 203 అంటే, నువ్వు చెప్పిన ప్రోగ్రాంని నేను నడపడమే మొదలుపెట్టలేకపోయాను అని. దారి తప్పు రాసినా ఇదే, ఫైలుకి నడిపే అనుమతి లేకపోయినా ఇదే. నాది రెండూ కాదు. విండోస్ ప్రతి వరస చివరా కంటికి కనపడని ఒక అక్షరం అదనంగా వదులుతుంది. ఫైలు మొదటి వరసలో ఏ పైథాన్‌తో నడపాలో రాసి ఉంటుంది కదా, దాని తోకకి ఈ అక్షరం అంటుకుంది. ఆ పేరుతో పైథాన్ ఈ భూమ్మీద లేదు. చేత్తో కొట్టినప్పుడు పైథాన్ పేరు నేనే చెప్పాను కాబట్టి ఆ వరసతో పని పడలేదు. చేత్తో నడుస్తుంది, సర్వీసుగా నడవదు అన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇలాంటివే: మన చేతికి తెలిసినవి సూత్రధారుడికి తెలియవు. మనం లాగిన్ అయినప్పుడు చదివే సెట్టింగులు అతను చదవడు, మనం నిలబడ్డ డైరెక్టరీలో అతను నిలబడడు. అన్నీ పూర్తి దారితో, విప్పి చెప్పాలి.

ఇక ఆపడం. లేపడం కన్నా ఇదే నన్ను ఎక్కువ ఏడిపించింది. కొత్తవి నడుస్తున్నాయి, కానీ డీవో అంకెలు పిచ్చిపిచ్చిగా గెంతుతున్నాయి. 5, వెంటనే 0, ఆపైన 61. లీటరుకి 61 మిల్లీగ్రాములు ఉంటే ఆ చెరువుని మ్యూజియంలో పెట్టాలి. ఒకే తీగ మీద ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇలా అవుతుంది. పాత చెరువు సర్వీసుని డిజేబుల్ చేశాను కదా! చేశాను, పేరు కొట్టేశాను. కానీ అప్పటికే రంగం మీదున్నవాణ్ణి దిగమనలేదు. డిజేబుల్ రేపటి పిలుపుని ఆపుతుంది, ఇప్పుడు ఆడుతున్నవాణ్ణి దింపేది స్టాప్. స్టాప్ ఇచ్చాను. అంకెలు కుదురుకున్నాయి. నమ్మకం కోసం మెషిన్ ఆపి లేపాను. మళ్లీ 61.

పేరు లేదు, లింకు లేదు, పాత ప్రోగ్రాం మాత్రం హాజరు. అరగంట వెతికాక దొరికింది. మొట్టమొదట, ఈ సర్వీసుల గొడవ లేకుండా, వేళకి పనులు నడిపే 'క్రాన్'లో, మెషిన్ లేవగానే నడపమని 'ఎట్ రీబూట్' అన్న వరస రాసి పెట్టింది నేనే. కరెంటు పోయొచ్చినప్పుడల్లా అది రౌటరు కన్నా ముందే లేచి పడిపోయేది, రౌటరు ఆగని ఈసారే నిలబడింది. సూత్రధారుడి ముందు తలుపు మూశాను, పెరటి తలుపు సంగతి మరిచిపోయాను. పెరటి తలుపులు ఇంకా ఉన్నాయి. పాత 'ఆర్‌సీ లోకల్' ఫైలు ఒకటి. ఏ యూజర్ సర్వీసులు ఆ యూజర్‌కే వేరుగా ఉండడం మరొకటి, మామూలు జాబితాలో అవి కనపడవు. ఇంకో సర్వీసు తన వాంట్స్‌లో దీన్ని పిలవడం కూడా ఉంది, దానికి 'లిస్ట్ డిపెండెన్సీస్' అన్న ఆదేశాన్ని 'రివర్స్' గుర్తుతో అడిగితే పిలుస్తున్నదెవరో చెబుతుంది. ప్రింటర్ చూసుకునే కప్స్ సర్వీసుని ఆపితే ఒక హెచ్చరిక వస్తుంది, దీన్ని దాని తరఫున పిలుపు కోసం కాచుకునే సాకెట్ మళ్లీ లేపవచ్చు అని. నిజంగానే ఎవరైనా ప్రింటు కొట్టగానే లేస్తుంది. దాన్ని నిద్రపుచ్చాలంటే సాకెట్‌నీ, ఫైళ్ల మీద కన్నేసి ఉంచే దాని పాత్‌నీ కలిపి ఆపాలి.

ఎవరు పిలిచినా రాకూడదంటే 'మాస్క్' చేయాలి. అప్పుడు ఆ పేరుని 'డెవ్ నల్' అనే శూన్యం వైపు తిప్పుతుంది, చేత్తో స్టార్ట్ చేసినా లేవదు. సొంతంగా రాసుకున్న సర్వీసుల విషయంలో దీనికి ఒక మెలిక ఉంది. మాస్క్ తన లింకుని పెట్టాలనుకునే చోటే మన యూనిట్ ఫైలు కూర్చుని ఉంటుంది, ఫైలు ఇప్పటికే ఉందని మొరాయిస్తుంది. మనదైతే ఫైలుని అక్కడి నుంచి తప్పించడమే దారి. నేను మాస్క్ జోలికి పోకుండా క్రాన్‌లో వరస చెరిపేశాను, చాలింది.

ఇంతా చేశాక బావ అడిగిన ప్రశ్న చిన్నది. "రాత్రి కరెంటు పోతే లేస్తదా, లేవదా?" స్టేటస్ చూసి చెప్పగలను, లింకు చూపించగలను. ఆ మాటల మీద అతను వారం రోజుల కిందటే నమ్మకం వదిలేశాడు. రీబూట్ ఆదేశం ఇచ్చి చూపించినా చాలదు, అప్పుడు అన్నీ మర్యాదగా సెలవు తీసుకుని ఆగుతాయి, రౌటరు ఆగనే ఆగదు. కాబట్టి మిట్టమధ్యాహ్నం, చెరువులో ఆక్సిజన్ నిండుగా ఉన్న వేళ, ప్రోబ్‌ని పైకి తీసి మంచినీళ్ల బకెట్‌లో కాదు, కాచి చల్లార్చిన నీళ్ల చెంబులో పెట్టాను. కాగితే నీళ్లలో ఆక్సిజన్ పోతుంది, అంకె కిందికే చూపిస్తుంది. ఉన్నట్టుండి కరెంటు పీకడం మెమరీ కార్డుకి మంచిది కాదని తెలుసు, కానీ కరెంటాఫీసు వాళ్లు దాన్ని అడిగి పీకరు కదా. షెడ్డు మెయిన్ స్విచ్ బావ చేతే దింపించాను. రౌటరు, కంప్యూటర్, ఫ్యాను అన్నీ ఆగాయి. నిమిషం ఆగి ఎత్తమన్నాను.

బావ స్విచ్ ఎత్తి వాచీ చూసుకుంటున్నాడు. పచ్చ దీపం వెలిగింది. ఇరవై, ముప్పై, నలభై సెకన్లు. రౌటరు దీపాలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. గట్టు మీద పడుకున్న కుక్క ఎగిరిపడి మొరిగేలా సైరన్ అందుకుంది. బావ చెవులు మూసుకుని చెంబులోంచి ప్రోబ్ తీసి నా చేతికిచ్చి, స్విచ్ మళ్లీ దింపాడు.

"ఇంకోసారి చూద్దాం," అన్నాడు.